ఎంజీబీ ఇంజిన్ దించడానికి మడత క్రేన్, లెవలర్: ఏళ్ల తరబడి వాడాక

ఎంజీబీ అనే పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు 1798 సీసీ ఇంజిన్‌ని గేర్‌బాక్స్‌తో కలిపి దించడానికి రెండు టన్నుల మడత క్రేన్ కొనొచ్చు. అయితే ఆ రెండు టన్నుల లెక్క క్రేన్ చెయ్యి పూర్తిగా లోపలికి ఉన్నప్పటిదే. కారు ముక్కు దాటి ఇంజిన్ మధ్యకు అందాలంటే చేతిని చివరి రంధ్రం దాకా లాగాలి, అక్కడ అది మోసేది అర టన్నే. ఇంజిన్, గేర్‌బాక్స్ కలిపి 200 కిలోల పైచిలుకే కాబట్టి ఇది చాలు. ఒక టన్ను క్రేన్‌తో మాత్రం ఈ పని పెట్టుకోవద్దు.

లెవలర్ (క్రేన్‌కి వేలాడుతూ గొలుసులతో ఇంజిన్‌ని పట్టుకుని, స్క్రూ తిప్పితే దాన్ని ముందుకో వెనక్కో వాల్చే పట్టీ) లేకుండా ఈ కారు జోలికి వెళ్లొద్దు. ఇంజిన్ ముక్కు బాగా పైకి లేచి, గేర్‌బాక్స్ తోక కిందికి వాలితేనే జత బయటికొస్తుంది. తోక కింద ట్రాలీ జాకీ పెట్టి, క్రేన్ ఎత్తేకొద్దీ ముందుకు తోయాలి. చవక లెవలర్ స్క్రూ పొడిగా వస్తుంది, బరువు పడగానే బిగుసుకుంటుంది. గ్రీజు దట్టంగా పూసి, హ్యాండిల్ దగ్గర త్రస్ట్ బేరింగ్ (నిలువు ఒత్తిడిని మోసే బేరింగ్) వేస్తే ఒక చేత్తో తిరుగుతుంది. దాంతో వచ్చే బోల్టులు పారేసి 8.8 గ్రేడ్‌వి (గట్టి ఉక్కువి), మందపాటి వాషర్లు వాడండి. గొలుసులు మరీ పరుచుకోకూడదు: అడ్డం నుంచి 60 డిగ్రీల్లో ఉంటే ఒక్కో గొలుసు మీద 58 శాతం బరువు, 30 డిగ్రీలకు పడితే ఒక్కోదాని మీద మొత్తం బరువంతా.

క్రేన్‌లో అసలు లోపం దింపే వాల్వ్. కొంచెం ఎక్కువ తిప్పితే ఇంజిన్ ధబ్బున జారుతుంది. వాల్వ్‌కి పొడుగు పిడి తగిలిస్తే అదుపు వస్తుంది. ఏళ్లు గడిచాక సీళ్లు కారి చెయ్యి నెమ్మదిగా కుంగుతుంది, కాబట్టి రాత్రంతా ఇంజిన్ వేలాడదీసి ఉంచకండి. క్రేన్ జాకీలో హైడ్రాలిక్ ఆయిలే పోయాలి, బ్రేక్ ఆయిల్ పోస్తే సీళ్లు పోతాయి. చక్రాలు చిన్నవి, గులకరాయి తగిలినా ఆగి బరువు ఊగుతుంది. నేల ఊడ్చి, ఇంజిన్ కారు దాటగానే కిందికి దించి అప్పుడు జరపండి.

కారు ఎత్తు తక్కువ. క్రేన్ కాళ్లు ముందు క్రాస్‌మెంబర్ (ముందు చక్రాల మధ్య అడ్డంగా ఉండే దూలం) కింద దూరతాయో లేదో ముందే కొలవండి. రేడియేటర్‌తో పాటు దాన్ని పట్టుకునే రేకు కూడా విప్పాలి. క్లచ్ స్లేవ్ సిలిండర్‌ని (క్లచ్‌ని నొక్కే చిన్న హైడ్రాలిక్ సిలిండర్) పైపు ఊడదీయకుండా బెల్‌హౌసింగ్ (గేర్‌బాక్స్ ముందు, క్లచ్‌ని కప్పే గూడు) నుంచి విప్పి పక్కన కట్టేయండి, పైపులోంచి గాలి తీసే పని తప్పుతుంది. ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్‌బాక్స్ నుంచి వెనక చక్రాలకు తిప్పుడు చేరవేసే కడ్డీ) ఫ్లాంజ్ రెండు ముక్కలకూ గుర్తు గీసి విప్పండి. ఆయిల్ ప్రెషర్ పైపు, స్పీడోమీటర్ కేబుల్, ఓవర్‌డ్రైవ్ (అదనపు గేరు) వైర్లు ఊడాయో లేదో చివరిసారి చూసుకున్నాకే క్రేన్ పంపు కొట్టండి.

మన అంబాసిడర్ 1489 సీసీ పెట్రోల్ ఇంజిన్‌దీ ఎంజీబీ ఇంజిన్ లాగే బి-సిరీస్ కుటుంబం, గొలుసు లెక్కలు దానికీ ఇవే.

తిరిగి ఎక్కించేటప్పుడు ఎర్త్ స్ట్రాప్ (ఇంజిన్‌ని కారు బాడీకి కలిపే కరెంటు తీగ) మరవకండి. అది లేకపోతే స్టార్టర్ కరెంటు చోక్ కేబుల్ గుండా పోయి దాన్ని కాల్చేస్తుంది.