నాంట్‌విచ్: పిరంగుల మోత ఊళ్లో, అసలు యుద్ధం ఆక్టన్‌లో

ఇంగ్లండ్‌లో ఉండే మనవాళ్లు జనవరి చలికి ఇల్లు కదలరు. కదిలేవాళ్లకి మాత్రం చెషైర్‌లోని నాంట్‌విచ్ చూడమంటాను. రాజుకీ పార్లమెంటుకీ అంతర్యుద్ధం నడుస్తున్నప్పుడు ఆ జిల్లాలో పార్లమెంటు చేతిలో మిగిలింది ఈ చిన్న ఊరొక్కటే. రాజపక్షం సేనాని బైరన్ ముట్టడించాడు. 1644 జనవరి 25న పార్లమెంటు సేనాని ఫెయిర్‌ఫాక్స్ సైన్యం వచ్చి విడిపించింది.

ఆ తేదీకి దగ్గర శనివారం, ఆ విజయానికి గుర్తుగా 'హాలీ హోలీ డే' (Holly Holy Day) జరుపుతారు. సీల్డ్ నాట్ సంఘంవాళ్లు ఆనాటి వేషాల్లో బారులుతీరి వచ్చి, వీవర్ నది పక్కన మిల్ ఐలాండ్‌లో యుద్ధం ఆడి చూపిస్తారు. చూడ్డానికి బాగుంటుంది. కానీ జనం ముందువరసలో కిక్కిరిసిపోతారు, వెనక నిలబడితే పొగ తప్ప ఏమీ కనపడదు. పిల్లలుంటే తొందరగా వెళ్లి చోటు పట్టుకోండి. చెవుల్లో దూది మరిచిపోవద్దు.

నాకు నచ్చింది అసలు యుద్ధం జరిగిన ఆక్టన్ పల్లె. వెల్ష్ రో మీదుగా, కాలవని మోసే ఇనప వంతెన కిందనుంచి పడమరకి ఒకటిన్నర మైలు నడక. అప్పట్లో మంచు కరిగి వీవర్ పొంగడంతో నది మీది వంతెన కొట్టుకుపోయి బైరన్ సైన్యం రెండు ముక్కలైంది. ఆయన గుర్రపుదండు చుట్టూ తిరిగి వచ్చేలోపు ఇవతలి కాల్బలం ఫెయిర్‌ఫాక్స్‌కి చిక్కింది. ఊళ్లోవాళ్లు కూడా బయటికొచ్చి వెనకనుంచి పడ్డారు. మిగిలినవాళ్లు ఆక్టన్ చర్చిలో దూరి, చివరికి లొంగిపోయారు. బందీల్లో జార్జ్ మంక్ ఒకడు. 1660లో రెండో చార్లెస్‌ని గద్దెక్కించింది ఈయనే! చర్చి ముందు నిలబడి చుట్టూ పొలాలు చూస్తే, నది ఎటుందో, ఎవరు ఎటు ఇరుక్కున్నారో ఏ బోర్డూ అక్కర్లేకుండా అర్థమవుతుంది. బురద ఖాయం, బూట్లు వేసుకోండి.

పిల్లరీ స్ట్రీట్‌లోని మ్యూజియం చిన్నది, ప్రవేశం ఉచితం. ఆక్టన్‌కి ముందే చూస్తే మంచిది. 1583 అగ్నిప్రమాదాన్ని తట్టుకున్న చర్చెస్ మాన్షన్ బయటనుంచి చూసినా చాలు.

బస సంగతికొస్తే, ఆ వారాంతం ఊళ్లో గదులు దొరకడం కష్టం, దొరికినా ధర మండిపోతుంది. పక్క ఊరు క్రూలో స్టేషన్ దగ్గర బస చేయడం నయం. అక్కణ్ణుంచి రైల్లో పది నిమిషాలే, కాకపోతే రైళ్లు తక్కువ, టైము చూసుకుని బయల్దేరండి. కారు తెస్తే పార్కింగ్‌కి ఊరంతా తిరగాలి. శాకాహారులకి పబ్బుల్లో చిప్సు, చీజ్ వేసిన కాల్చిన బంగాళాదుంప గ్యారంటీ. ఇంటినుంచి పులిహోర కట్టుకెళ్తే ఇంకా హాయి.