మూత వేసినా నిద్రపోని ల్యాప్‌టాప్: 14 నెలల వాడకం తరువాత

ఈ ల్యాప్‌టాప్ తెర గురించి, కీబోర్డు గురించి నేను కొత్తగా చెప్పవలసినది లేదు. 14 నెలలుగా నన్ను వేధిస్తున్నది ఒక్కటే: మూత వేశాక అది నిజంగా నిద్రలోకి వెళ్లిందో లేదో నమ్మలేకపోవడం. బెంగళూరులో తెలుగు వ్యాపారుల జీఎస్టీ లెక్కలు చూసే నేను దీనిని బ్యాగులో వేసుకొని రోజూ రెండు మూడు దుకాణాలు తిరుగుతాను కనుక, ఇది నాకు చిన్న లోపం కాదు.

కొన్న మొదటి నెలలో ఈ నిద్రనే నేను కనబడినవారందరి దగ్గర మెచ్చుకున్నాను. మూత ఎత్తగానే పని ఆపిన చోటు కళ్లముందు ఉండేది. నా పాత యంత్రం నిద్రపోతే ర్యామ్‌కు తప్ప దాదాపు దేనికీ కరెంటు అందేది కాదు. ఆ స్థితిని ఎస్3 అంటారు. కొత్తదానిలో అది లేదు. దాని బదులు ఎస్0 అనే, మేలుకొని ఉండే స్థితిలోనే తక్కువ కరెంటుతో ఉండి, ఫోనులాగా మూత కింద కూడా మెయిళ్లూ అప్‌డేట్లూ అందుకుంటుంది. ఏదో ఒక డ్రైవరు (లోపలి భాగాలను నడిపించే సాఫ్ట్‌వేరు) దానిని కుదురుగా ఉండనివ్వకపోతే, గాలి ఆడని బ్యాగులో ప్రాసెసరు పని చేస్తూనే ఉంటుంది. ఈ సంగతి నాకు మార్చి 20న తెలిసింది.

ఆ రోజు జీఎస్‌టీఆర్-3బీ, అంటే నెలవారీ జీఎస్టీ రిటర్ను, దాఖలుకు చివరి గడువు. మధ్యాహ్నం పన్నెండింటికి వైట్‌ఫీల్డ్‌లో ఒకరి పని ముగించి, 80 శాతానికి పైగా చార్జింగు ఉండగా మూత వేశాను. దారిలో భోజనం, మరొకరి దుకాణంలో కాగితాల పని అయ్యాక, పర్పుల్ లైను మెట్రోలో మెజెస్టిక్‌కు వచ్చి, గ్రీన్ లైనుకు మారి చిక్కపేటలో దిగేసరికి నాలుగయింది. బట్టల దుకాణంలో బ్యాగు తెరిస్తే ల్యాప్‌టాప్ చేయి పెట్టలేనంతగా కాలుతోంది, బటను నొక్కితే వెలగడం లేదు. ప్రొద్దుటూరు నుంచి వచ్చి అక్కడ స్థిరపడిన ఆ యజమాని నా ముఖం చూసి, “కంగారు పడకండి ఆడిటరు గారూ, ముందు దాన్ని చల్లారనివ్వండి” అని తన కుర్చీ పక్కనున్న ఫ్యానును దానివైపు తిప్పారు. ఆ మాట నేను మరువలేను. ఆలస్య రుసుము రోజుకు 50 రూపాయలే కావచ్చు, కాని కట్టవలసిన పన్నుపై ఏడాదికి 18 శాతం చొప్పున వడ్డీ పడేది ఆయనకే కదా. అరగంట తరువాత యంత్రం వెలిగింది గాని, కొనుగోలు బిల్లులను 2బీతో (అమ్మినవారు చూపిన బిల్లులతో జీఎస్టీ పోర్టల్ ఇచ్చే జాబితా) సరిపోల్చి సేవ్ చేయకుండా వదిలిన పట్టిక పోయింది. మళ్లీ మొదటి నుంచి చేసి, రాత్రి పదకొండు దాటాక దాఖలు చేశాము.

సేవ్ చేయకపోవడం నా తప్పే, ఒప్పుకుంటాను. అయితే మర్నాడు నిద్ర నివేదిక తీసి చూస్తే, మూత వేసి ఉన్న నాలుగు గంటల్లో యంత్రం నిజంగా విశ్రమించినది పదోవంతు కూడా లేదు. వైఫై డ్రైవరు మిగతా సమయమంతా దానిని మేల్కొలిపి ఉంచింది. సర్వీసు సెంటరు వారు బయాస్‌ను (యంత్రాన్ని మొదట లేపే మూల సాఫ్ట్‌వేరు), డ్రైవరును అప్‌డేట్ చేసి ఇచ్చారు. రెండు నెలలు బాగుంది. ఆపరేటింగ్ సిస్టమ్‌కు తరువాతి పెద్ద అప్‌డేట్ రాగానే బ్యాగు మళ్లీ వేడెక్కసాగింది.

ఇప్పుడు మూత వేస్తే హైబర్నేట్ అయ్యేలా మార్చుకున్నాను. ఆ ఎంపిక మామూలుగా కనబడదు, పవర్ సెట్టింగులలో వెతికి చేర్చుకోవాలి. ర్యామ్‌లో ఉన్నదంతా ఎస్ఎస్‌డీలోకి రాసి యంత్రం పూర్తిగా ఆగిపోతుంది కనుక, అప్పటి నుంచి ఒక్కసారి కూడా వేడెక్కలేదు. తెరిచినప్పుడు మాత్రం ఇరవై సెకన్లు ఆగాలి, అంటే మొదట నేను మెచ్చుకున్న సుఖాన్నే వదులుకున్నాను. బ్యాటరీ పది గంటలు వస్తుందని అప్పట్లో నేను చెప్పిన మాటను కూడా, తెరిచి పని చేస్తున్నంతసేపు మాత్రమే అని సవరించుకోవాలి.

ఇంటి నుంచే పని చేసే మా తమ్ముడు ఇదే కొననా అని అడిగితే కొనుక్కోమన్నాను, అతని ల్యాప్‌టాప్ బల్ల దిగదు. నాలాగా బ్యాగుతో తిరిగే మిత్రుడికి మాత్రం, కొన్న వారంలోనే ఒక పూట మూత వేసి బ్యాగులో ఉంచి, తీసి చేయి పెట్టి చూసుకొమ్మని, వేడిగా ఉంటే మార్పిడి గడువు దాటకముందే తిరిగి ఇచ్చేయమని చెప్పాను.