కడపలో టిన్ ఓపెనర్ కొనేవారు జాగ్రత్త: గ్యారంటీ రాసిన చేత్తోనే కొట్టేశారు

ఇప్పుడే దుకాణం నుంచి ఇంటికి వచ్చాను. కోపం తగ్గేదాకా ఆగితే ఈలోపు ఇంకెవరో వెళ్లి అదే వస్తువు కొంటారు, అందుకే వెంటనే రాస్తున్నాను. పేరు రాయడం లేదు. పెళ్లి సామాన్లకు ఊళ్లో సగం మంది వెళ్లే దుకాణమే.

నేను ఇంట్లో కేకులు చేసి అమ్ముతాను. అనాస ముక్కల టిన్నులు వారం వారం కోయాల్సిందే. గత నెల 380 రూపాయలు పెట్టి, రెండు పిడులూ పక్కన తిప్పే కీ ఉన్న ఓపెనర్ తీసుకున్నాను. యజమాని అయస్కాంతం తెచ్చి పిడులకూ చక్రాలకూ ఆనించి, "చూడమ్మా, అంటుకోదు, అసలైన స్టీలు" అన్నారు. బిల్లు మీద "ఒక సంవత్సరం గ్యారంటీ" అని తానే రాసిచ్చారు.

ఈ రోజు పొద్దున టిన్నుకు బిగించి తిప్పితే కీ తిరుగుతోంది, టిన్ను కదలదు. పళ్ల చక్రం టిన్ను అంచును కింది నుంచి పట్టి తిప్పాలి, కోసే చక్రం మూతలోకి దిగాలి. ఇందులో పళ్లు అరిగి నున్నగా అయిపోయాయి. రివెట్ వదులై రెండు చక్రాల మధ్య సందు పెరిగింది. ఒకచోట కోసి, మరోచోట జారి, మూత చుట్టూ ముళ్లు లేచాయి. పాకంలో సన్నని లోహపు రజను కనిపిస్తే టిన్నంతా పారబోశాను. ఆ మూత తీయబోయి మా అత్తగారి బొటనవేలు తెగింది, కుట్లు పడ్డాయి.

ఆమెను ఆసుపత్రి నుంచి ఇంట్లో దింపి నేరుగా దుకాణానికి వెళ్లాను. "అన్నా, పళ్లు చూడండి, నెలకే అరిగిపోయాయి" అన్నాను. ఆయన ఓపెనర్ వైపు చూడనేలేదు, బిల్లు అడిగారు. ఇచ్చాను. జేబులోంచి పెన్ను తీసి, తాను రాసిన గ్యారంటీ మాట మీద అడ్డంగా గీత కొట్టి, కాగితం మడిచి నా చేతిలో పెట్టారు. "గ్యారంటీ పిడులకమ్మా, చక్రాలకు కాదు. టిన్ను కోయడం రానివాళ్లకు మేమేం చేస్తాం?" కౌంటరు దగ్గర ఉన్నవాళ్లంతా నా వైపే చూశారు.

380 రూపాయలు మళ్లీ సంపాదించుకుంటాను. రాసిన మాటను, రాసినవారే, నేను చూస్తుండగా కొట్టేసిన తీరు మాత్రం మింగుడు పడటం లేదు. నా వెనక నిలబడిన అమ్మాయికి అదే అయస్కాంతం, అదే రకం ఓపెనర్ చూపించారు. వద్దని చెప్పబోతే "వ్యాపారం చెడగొట్టకండి" అని గద్దించారు. పాపం, ఆ అమ్మాయి కొనుక్కునే వెళ్లింది.

దారిలో మాకు తెలిసిన లేత్ పనివారికి చూపించాను. ఆయన చెప్పింది విన్నాక ఒళ్లు మండిపోయింది. పాత్రలకు వాడే 304 రకం స్టీలు మామూలుగా అయస్కాంతానికి అంటుకోదు, అంత తేలిగ్గా తుప్పూ పట్టదు. కానీ దాన్ని కాల్చి గట్టిపరచడం కుదరదు. కత్తులకు, కోసే చక్రాలకు కావలసింది 420 లాంటి రకం. దాన్ని కాల్చి, చల్లార్చి గట్టిపరుస్తారు, అది అయస్కాంతానికి అంటుకుంటుంది. అంటే దుకాణం యజమాని గొప్పగా చూపించింది ఆ వస్తువులోని లోపాన్నే! పిడి అంటుకోకపోతే మంచిదే, కోసే చక్రం మాత్రం అంటుకోవాలి.

మా అమ్మ దగ్గర చెక్క పిడి, వంపు బ్లేడు ఉన్న పాత ఓపెనర్ ఉంది. గుచ్చి లేపుతూ కోయాలి, చేయి నొప్పి పుడుతుంది. అయినా అందులో అరిగే పళ్లు లేవు, ఇప్పటికీ కోస్తుంది.

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాను. బిల్లు మీద గీత కింద గ్యారంటీ అక్షరాలు స్పష్టంగానే కనిపిస్తున్నాయి. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. వస్తువు విలువ 5 లక్షల రూపాయల లోపైతే అక్కడ రుసుము లేదు.

మీరు కొనేటప్పుడు పిడులు మూసి వెలుతురులో చూడండి, చక్రాల మధ్య సందు కనిపిస్తే వదిలేయండి. కోసే చక్రాన్ని వేలితో పక్కకు కదిపితే ఊగకూడదు. బిల్లును దుకాణంలోనే ఫొటో తీసుకోండి, తర్వాత ఎవరడిగినా ఆ ఫొటోనే చూపించండి, అసలు కాగితం చేతికివ్వకండి.