లెవీలో హస్కీల వెనక స్కీలు: దేనికి డబ్బు పెట్టొచ్చు

స్కీల మీద నిలబడటం రాకపోతే స్కీజోరింగ్‌కి (కుక్కలు లాగుతుంటే స్కీల మీద జారడానికి) డబ్బు కట్టొద్దు, హాయిగా హస్కీ కుక్కలు లాగే మంచు బండి, అదే స్లెడ్జి, ఎక్కండి. ఫిన్లాండ్‌లోని లాప్‌లాండ్‌లో రెండూ చూసొచ్చాక, ప్రోగ్రాం వేసుకుంటున్న బెంగళూరు మిత్రులకు నేను చెప్పే మొదటి మాట ఇదే.

స్లెడ్జికి బ్రేకుంటుంది, కాలితో తొక్కితే ఇనప పళ్ళు మంచులో దిగుతాయి. స్కీజోరింగ్‌లో అలాంటిదేమీ లేదు. నడుముకి వెడల్పాటి బెల్టు, దానికి రెండున్నర మూడు మీటర్ల తాడు, ఆ చివర హార్నెస్ (ఒంటికి కట్టే పట్టీలు) వేసిన ఒకటో రెండో కుక్కలు. తాడులో సాగే ముక్క ఉంటుంది కాబట్టి కుక్క ఒక్కసారిగా ముందుకు దూకినా నడుం పట్టదు. స్కీలకు ఉక్కు అంచులు ఉండకూడదు, కుక్క కాళ్ళు తెగుతాయి. ఆగాలంటే స్కీల ముందు మొనలు దగ్గరికి తెచ్చి, వెనక భాగాలు ఎడంగా తోసి, మంచును గీరుకుంటూ ఆగాలి. ఇదంతా విని మా బావమరిది, "అంటే బ్రేకు మనమే కదా బావా" అని స్లెడ్జి వైపు వెళ్ళిపోయాడు. తెలివైనవాడు.

మనవాళ్ళంతా వెళ్ళేది లాప్‌లాండ్ ముఖ్య పట్టణం రొవానియెమికి. శాంటా ఊరు ఉంది, హెల్సింకి నుంచి రాత్రి రైలుంది, పిల్లలకు సరదా. హస్కీల కోసమే అయితే నాకు నచ్చలేదు. మేం వెళ్ళిన ఫారంలో దర్శనం క్యూలా నిలబెట్టి, చదునైన అడవిలో చిన్న చుట్టు తిప్పి దించేశారు. కుక్క పేరు అడిగే తీరికే లేదు.

అక్కడికి ఉత్తరాన 170 కిలోమీటర్ల దూరంలో ఉంది లెవీ అనే స్కీ కొండ. కొండ అంటే హిమాలయాలు ఊహించుకోకండి, ఎత్తు 531 మీటర్లే. బెంగళూరే 900 మీటర్ల మీద ఉంది, అంటే లెవీ శిఖరం మన సిల్క్ బోర్డు జంక్షన్ కన్నా కిందే! కానీ అది ఆర్కిటిక్ వలయానికి అవతల కాబట్టి మార్చిలో కూడా బోలెడు మంచు, పైగా పగటి వెలుతురు. డిసెంబరులో సూర్యుడి కోసం వెతుక్కోవాలి.

ఇక్కడి కెన్నెల్‌లో (కుక్కల్ని పెంచే చోట) ముందు కుక్కలు లేకుండా స్కీ చేయించి చూశారు, ఆ తర్వాతే ఒక పెద్ద వయసు కుక్కను కట్టారు. వైట్‌ఫీల్డ్ అపార్ట్‌మెంట్లలో ఏసీ కింద పడుకునే నీలి కళ్ళ బొచ్చు కుక్కలు కావివి. ఎక్కువగా అలాస్కన్ హస్కీలు, బక్కగా, పొడుగు కాళ్ళతో ఉంటాయి. బయల్దేరేదాకా చెవులు చిల్లులు పడేలా అరుస్తాయి. తాడు వదలగానే గప్‌చుప్, ఇక పరుగే. మనం 'జీ' అని అరిస్తే కుడికి, 'హా' అంటే ఎడమకి తిరుగుతాయి. సున్నా డిగ్రీలు వాటికి ఉక్కపోత, మైనస్ పది దాటితే హుషారు. ఏ కెన్నెల్‌కి వెళ్ళినా, కుక్కకు రోజుకెన్ని పరుగులు, ముసలివయ్యాక ఏం చేస్తారు అని అడగండి. జవాబు నసిగితే వేరే చోటు చూసుకోండి.

బసకి గాజు ఇగ్లూలు ఫొటోల్లో బాగుంటాయి, ధర వింటే గుండె ఝల్లుమంటుంది. మేం వంటగది, ఆవిరి గది, తడిబట్టలు ఆరబెట్టే అలమరా ఉన్న చెక్క కాటేజీ తీసుకున్నాం. ఆ అలమరా లేకపోతే మర్నాడు తడి సాక్సులతోనే బయల్దేరాలి. దుప్పట్లకీ చివరి రోజు శుభ్రం చేయడానికీ చాలా చోట్ల విడిగా వసూలు చేస్తారు, బుక్ చేసేటప్పుడే చూసుకోండి. గోంగూర పచ్చడి, కందిపొడి వెంట ఉంటే అన్నంతో గడిచిపోతుంది. నెయ్యి మాత్రం ఇంట్లోనే వదిలేయాలి, యూరోపియన్ యూనియన్‌లోకి బయటి దేశాల పాల పదార్థాలు రానివ్వరు.

లావుపాటి జాకెట్లు కొనొద్దు, ఓవరాల్సు, బూట్లు కెన్నెల్ వాళ్ళే ఇస్తారు. థర్మల్స్, ఉన్ని సాక్సులు చాలు. షెంగెన్ వీసాకి కనీసం 30,000 యూరోల వైద్య బీమా ఎలాగూ తీసుకోవాలి. అందులో మంచు ఆటలకి కవరేజీ ఉందో లేదో చదివి సంతకం పెట్టండి, చాలా పాలసీల్లో అది విడిగా కొనుక్కోవాలి.