అమ్మకి చేయించిన ఎన్‌సీవీ టెస్టు: రెండు సెంటర్లు, రెండు రిపోర్టులు

సెంటర్ల పేర్లు రాయడం లేదు. రెండూ విజయవాడలోనే, నెల తిరక్కుండా ఒకే మనిషికి ఒకే టెస్టు రెండుసార్లు చేయించాం, రిపోర్టులు చూస్తే మాత్రం ఇద్దరు వేరే పేషెంట్లవేమో అనిపించింది. నరాల టెస్టుకి వెళ్ళబోయేవాళ్ళు, ముఖ్యంగా షుగరున్న అమ్మానాన్నల్ని తీసుకెళ్ళేవాళ్ళు, ఇది ఒకసారి చదివి వెళ్ళండి.

అమ్మకి 61 ఏళ్ళు, షుగరు వచ్చి 14 ఏళ్ళు. రాత్రయితే అరికాళ్ళు భగభగ మండుతాయి, దుప్పటి తగిలినా ఓర్చుకోలేదు, లేచి వెళ్ళి చల్లటి గచ్చు మీద కాళ్ళు ఆనించి కూర్చుంటుంది. అయితే నాకు అసలు భయం పట్టుకున్నది వేరే చోట. ఒకరోజు గుడి నుంచి వస్తుంటే ఒక కాలి చెప్పు జారిపోయింది, ఆమె అలాగే నడిచి వచ్చేస్తోంది, వెనక నడుస్తున్న పిల్ల పిలిచి చెప్తే గానీ తెలియలేదు. ఏమీ తగలకుండానే మంట పుడుతోంది, చెప్పు ఊడిపోతే తెలియట్లేదు, ఇదేం కాలు అనుకుంటూ నరాల డాక్టరు దగ్గరికి వెళ్తే ఆయన ఎన్‌సీవీ, అంటే నరంలో కబురు ఎంత వేగంగా పోతోందో కొలిచే టెస్టు, రాశారు.

నరం అన్న మాట వినగానే అమ్మ బెదిరిపోయింది. మనం సెలైన్ పెట్టేటప్పుడు కూడా "నరం దొరకట్లేదు" అంటాం కదా, అందుకని చేతులకీ కాళ్ళకీ సూదులు గుచ్చుతారనుకుంది. సెలైన్ ఎక్కేది రక్తనాళంలోకి. ఈ టెస్టులో చూసేది వెన్నుపాము నుంచి కాలి వేళ్ళ దాకా కబుర్లు మోసే నరాన్ని, ఇందులో సూది ఉండదు. చర్మం మీద స్టిక్కర్లలాంటివి అంటించి, నరం పోయే దారిలో ఒకచోట చిన్న కరెంటు ఇస్తారు, చెయ్యో కాలో దానంతటదే టపుక్కున ఎగురుతుంది. కండరాల్ని చూసే ఈఎంజీ టెస్టు కూడా కలిపి రాస్తే మాత్రం కండరంలోకి సన్నటి సూది పెడతారు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళు, గుండెకి పేస్‌మేకర్ ఉన్నవాళ్ళు ముందే చెప్పాలి.

మొదటి సెంటర్లో ఏసీ గది, బయట వాన, అమ్మ అప్పుడే కాళ్ళు కడుక్కుని వచ్చింది. పాదాలు ఐసు గడ్డల్లా ఉన్నాయి. అక్కడున్న అబ్బాయి వెంటనే మొదలుపెట్టి పదిహేను నిమిషాల్లో ముగించేశాడు, సాయంత్రానికి రిపోర్టు చేతికొచ్చింది. నాలుగు చేతులకాళ్ళలోనూ నరాల వేగం తగ్గింది అని ఉంది. మూడు వేల చిల్లర తీసుకున్నారు. డాక్టరు గారు ఆ కాగితం చాలాసేపు చూసి మొదట అడిగింది, "గది బాగా చల్లగా ఉందామ్మా? కాళ్ళు వెచ్చబెట్టారా?" అని. లేదు సార్ అంటే, వేరే చోట మళ్ళీ చేయించమన్నారు. నాకు ఒళ్ళు మండింది, డబ్బుల గురించి కాదు, ఆ షాకులన్నీ ఆమె మళ్ళీ పడాలి కదా అని.

రెండో చోట ఒక మేడం చేశారు. ముందు పాదం మీద థర్మామీటర్ పెట్టి చూసి, గోరువెచ్చటి నీళ్ళ సంచీ కట్టి దుప్పటి కప్పి కూర్చోబెట్టారు. అమ్మ పొద్దున రాసుకున్న కొబ్బరినూనె స్పిరిటుతో తుడిచారు, జిడ్డుంటే స్టిక్కర్లు సరిగ్గా అంటవట. ప్రతి షాకుకి ముందు "అమ్మా, ఇప్పుడు ఒకటి వస్తుంది" అని చెప్పి ఇచ్చారు. అమ్మ మొదటిసారంతా కళ్ళు మూసుకునే ఉంది, ఇక్కడ మాత్రం స్క్రీన్ మీద గీత లేవడం చూస్తూ "ఇది నా కాలేనా?" అని అడిగింది.

లెక్క చూస్తే చాలా తేలిక. మోకాలి దగ్గర ఒకసారి, చీలమండ దగ్గర ఒకసారి కరెంటు ఇస్తారు, పాదంలో కండరం కదలడానికి ఎంతసేపు పట్టిందో రెండుసార్లూ చూస్తారు. మధ్య దూరం 32 సెంటీమీటర్లు, సమయంలో తేడా 7 మిల్లీసెకన్లు, అంటే సెకనుకు సుమారు 46 మీటర్లు. నరంలో కబురు వేగాన్ని కొలవడం మనిషి వల్ల కాదనుకునే రోజుల్లో, 1850లో జర్మనీ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ కప్ప కాలి నరం మీద సరిగ్గా ఇదే లెక్క వేశాడు, ఆయనకి సెకనుకు 27 మీటర్ల దాకా వచ్చింది. నరంలో కబురుకి ఇంత వేగం రావడానికి కారణం నరపు పోగు చుట్టూ ఉండే మైలిన్ అనే కొవ్వు పొర. దాని మధ్య మధ్య ఖాళీలుంటాయి, కబురు ఒక ఖాళీ నుంచి ఇంకో ఖాళీకి గెంతుకుంటూ పోతుంది. ఆ పొర పాడైతే వేగం పడిపోతుంది. పొర బాగుండి లోపలి పోగులే చచ్చిపోతుంటే వేగం పెద్దగా మారదు, గీత ఎత్తు తగ్గుతుంది. ఈ రెంటికీ కారణాలు వేరు, వైద్యం కూడా వేరు కావచ్చు.

చలి ఇక్కడే కొంప ముంచుతుంది. చర్మం చల్లబడితే ఒక్కో డిగ్రీకి సెకనుకు రెండు మీటర్ల దాకా వేగం తగ్గుతుంది, పైగా గీత ఎత్తు పెరుగుతుంది. అందుకే మొదటి రిపోర్టులో వేగం తక్కువ, ఎత్తు బాగానే ఉంది అని వచ్చింది. వెచ్చబెట్టి చేస్తే వేగం మామూలుగానే ఉంది, పిక్క వెనక నుంచి పాదం పక్కకి దిగే సూరల్ నరంలో మాత్రం రెండు కాళ్ళలోనూ ఎత్తు హద్దు కంటే కిందికి పడింది. ఉన్న జబ్బుని దాచి లేని జబ్బుని చూపించింది ఆ మొదటి కాగితం. దాన్ని పట్టుకుని మందులు మొదలుపెట్టి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడగా ఉంటుంది.

షుగరు దెబ్బ ముందు పొడుగాటి నరాల చివర్ల మీద పడుతుంది కాబట్టి పాదాల దగ్గర మొదలై మేజోడు తొడిగినట్టు పైకి పాకుతుందని డాక్టరు గారు చెప్పారు. అమ్మకి చెప్పు జారింది తెలియకపోవడం, స్పర్శని మోసే లావు పోగులు దెబ్బతినడం వల్ల, ఈ టెస్టుకి దొరికేవి అవే. మరి మంట? నొప్పిని, వేడిని మోసేవి చాలా సన్నటి పోగులు, మైలిన్ పొర దాదాపుగా ఉండదు, కొన్నిట్లో కబురు సెకనుకు ఒక మీటరు నడకే. ఈ మెషీన్‌కి అవి దొరకవు. కాబట్టి అరికాళ్ళు మండుతున్నా రిపోర్టు నార్మల్ రావచ్చు, అలా వచ్చిందని "అంతా నీ భ్రమ" అని ఇంట్లో పెద్దవాళ్ళని కసరకండి, దయచేసి.

ఇంకొకటి, డాక్టరు గారు బి12 కూడా చూపించమన్నారు. షుగరుకి మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడితే బి12 తగ్గే అవకాశం ఉంది, అది తగ్గినా నరాలు దెబ్బతింటాయి. అమ్మకి తక్కువే వచ్చింది, ఇంజక్షన్లు నడుస్తున్నాయి.

మొదటి సెంటరుకి అయిదుకి ఒకటి, అదీ టైముకి రిపోర్టు ఇచ్చినందుకు. రెండో సెంటరుకి నాలుగున్నర. రెండో అంతస్తులో ఉంది, లిఫ్టు పనిచేయలేదు, కాళ్ళ జబ్బులతో వచ్చేవాళ్ళని మెట్లు ఎక్కించడం తప్పు, ఆ అర మార్కు దానికే తీశాను. మీరు ఎక్కడికి వెళ్ళినా ఫోన్‌లోనే అడగండి, టెస్టుకి ముందు చర్మం వేడి చూస్తారా, రిపోర్టులో ఆ అంకె వేస్తారా అని. అమ్మని మాత్రం ఈసారి మేజోళ్ళు తొడిగి తీసుకెళ్తాను.