సగం లారీ, నిండు లారీ: శాప్ ట్రాన్స్‌పోర్ట్‌తో నా పద్నాలుగేళ్ళు

కంపెనీల లెక్కలు, అమ్మకాలు నడిపే సాఫ్ట్‌వేర్ శాప్. అందులో చేసిన మార్పుల్ని ఒక సిస్టమ్ నుంచి ఇంకో సిస్టమ్‌కి పంపడాన్నే ట్రాన్స్‌పోర్ట్ అంటారు. అలా పంపినవి వరసలో ఆగే ఇంపోర్ట్ క్యూ తెరిస్తే పైన రెండు లారీ బొమ్మలుంటాయి. ఒకటి నిండు లారీ, ఇంకోటి సగం లోడుది. నిండు లారీ నొక్కితే క్యూలో ఉన్నవన్నీ వరసగా వెళ్తాయి. సగం లారీ నొక్కితే మనం ఎంచుకున్నవి మాత్రమే వెళ్తాయి. పద్నాలుగేళ్ళలో నేను పడ్డ టెన్షన్‌లో ముప్పాతిక ఆ సగం లారీ వల్లనే.

2011లో అమీర్‌పేటలో శాప్ ప్రోగ్రామింగ్ భాష ఏబ్యాప్ నేర్చుకున్నప్పుడు ఈ పాఠం ఇరవై నిమిషాల్లో అయిపోయింది. ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నది ఒకే సిస్టమ్. పంపుదామన్నా అవతల ఇంకో సిస్టమ్ లేదు. మా సార్ బోర్డు మీద మార్పులు చేసే డెవ్, వాటిని పరీక్షించే క్వాలిటీ, అసలు పని నడిచే ప్రొడక్షన్ అని మూడు డబ్బాలు గీసి, మధ్యలో రెండు బాణాలు వేసి, "ఇక్కడ రిలీజ్ కొడితే అక్కడికి పోతుంది, మిగతాది బేసిస్ వాళ్ళు చూసుకుంటారు" అన్నారు. బేసిస్ అంటే సిస్టమ్‌లను నిర్వహించే టీమ్. ఉద్యోగంలో చేరాక తెలిసింది, అసలు కథంతా ఆ రెండు బాణాల్లోనే ఉందని.

కొత్తవాళ్ళ కోసం పని తీరు కాస్త చెప్తాను. డెవ్‌లో ఏ ప్రోగ్రామ్ ముట్టుకున్నా, ఏ సెట్టింగ్ మార్చినా, ఏ రిక్వెస్ట్‌లో పెట్టమంటావని సిస్టమ్ అడుగుతుంది. రిక్వెస్ట్ అంటే మార్పుల మూట, దానికి డీఈవీకే900123 లాంటి పేరుంటుంది. మొదటి మూడు అక్షరాలు సిస్టమ్ పేరు, తర్వాత కే, ఆపైన అంకెలు. ఒక రిక్వెస్ట్ కింద ఒక్కొక్కరికి ఒక్కో టాస్క్. ముందు టాస్కులు రిలీజ్ చెయ్యాలి, ఆ తర్వాత రిక్వెస్ట్. ఆ క్షణానికి అందులో ఉన్నదంతా రెండు ఫైళ్ళుగా మారి, అన్ని సిస్టమ్‌లకూ అందే ఒక ఉమ్మడి డైరెక్టరీలో పడుతుంది. డేటా ఫైల్‌లో సరుకు, కోఫైల్‌లో ఆ సరుకు ఎక్కడెక్కడికి ఎలా వెళ్ళిందన్న చిట్టా. క్వాలిటీ క్యూలో పేరు చేరుతుంది. అక్కడ ఎవరో ఒకరు లారీ నొక్కితే టీపీ అనే ప్రోగ్రామ్ ఆ ఫైళ్ళు అందుకుంటుంది, ఆర్3ట్రాన్స్ వాటిని డేటాబేస్‌లోకి దించుతుంది. ప్రోగ్రామ్‌లు, టేబుళ్ళు వర్క్‌బెంచ్ రిక్వెస్ట్‌లో వెళ్తాయి, సిస్టమ్ మొత్తానికి వర్తిస్తాయి. క్లయింట్‌కి, అంటే ఒకే సిస్టమ్ లోపల డేటా విడిగా ఉండే విభాగానికి, పరిమితమైన సెట్టింగులు కస్టమైజింగ్ రిక్వెస్ట్‌లో వెళ్తాయి.

ముందు మంచి చెప్పాలి. దీనికి వేరే లైసెన్స్ అక్కర్లేదు, ఏబ్యాప్ సిస్టమ్‌తోనే వస్తుంది. ఈ పద్నాలుగేళ్ళలో నా రిక్వెస్ట్ దారిలో తప్పిపోయింది అన్న మాట ఒక్కసారి కూడా నా నోట రాలేదు. రిలీజ్ అయిందంటే ఫైల్ ఉన్నట్టే. ఆరేళ్ళ కిందటి మార్పు ఎవరు చేశారు, ఎప్పుడు క్వాలిటీకి వెళ్ళింది, ఎప్పుడు ప్రొడక్షన్‌కి వెళ్ళింది అని ఆడిటర్ అడిగితే, ఆయన టీ తాగేలోపు లాగ్ తీసి చూపించాను. "శాప్ కాదు బాబూ, శాపం" అని మా ఆఫీసులో ఒక జోకు తిరుగుతుంటుంది గానీ, ఈ ఒక్క విషయంలో ఆ జోకుకి నేను నవ్వను.

అసలు తంటా లారీకి చదువు రాకపోవడం. ఎక్కించింది దించుతుంది, అంతే. మూటలో ఏముందో, దానికంటే ముందు ఏ మూట దిగాలో దానికి పట్టదు.

2014లో నా చేతి మీద జరిగిందే చెప్తాను. ఇన్‌వాయిస్ ప్రింట్ ప్రోగ్రామ్‌లో లేఅవుట్ మార్చి రిలీజ్ చేశాను. క్వాలిటీకి వెళ్ళింది, యూజర్లు ఓకే చెప్పాలని మూడు వారాలు అక్కడే కూర్చుంది. ఈలోపు ప్రొడక్షన్‌లో మొత్తాల రౌండింగ్ తప్పుతోందని అర్జెంట్ టికెట్ వచ్చింది. అదే ప్రోగ్రామ్. మొదటి రిక్వెస్ట్ అప్పటికే రిలీజ్ అయింది కాబట్టి దాని లాక్ (ఇంకో రిక్వెస్ట్‌లో మార్చనివ్వని తాళం) లేదు. ఇంకో రిక్వెస్ట్ తెరిచి, నాలుగు లైన్లు సరిచేసి, రౌండింగ్ ఒక్కటే టెస్ట్ చేయించి, సగం లారీలో ప్రొడక్షన్‌కి పంపించేశాం. మర్నాడు ఫోన్: ఇన్‌వాయిస్ ఆకారం మారిపోయింది, మేమెప్పుడు ఒప్పుకున్నాం అని. ఎందుకంటే రిక్వెస్ట్ మోసుకెళ్ళేది మనం మార్చిన నాలుగు లైన్లు కాదు, రిలీజ్ చేసిన క్షణానికి ఆ సోర్సు మొత్తం ఎలా ఉందో అలా. నా పాత లేఅవుట్ మార్పు కూడా అందులో కూర్చుని వెళ్ళిపోయింది.

సరే, ఎలాగూ వెళ్ళింది కదా అని బతిమాలి ఒప్పించాం. రెండు వారాల తర్వాత క్వాలిటీలో లేఅవుట్‌కి అధికారికంగా ఓకే వచ్చింది. లిస్టులో ఉంది కాబట్టి మొదటి రిక్వెస్ట్‌ను కూడా ప్రొడక్షన్‌కి పంపించేశాం. అందులో ఉన్నది పాత సోర్సు. రౌండింగ్ తప్పు మళ్ళీ వచ్చి కూర్చుంది. రిటర్న్ కోడ్ 0, స్క్రీన్ అంతా పచ్చగా ఉంది. బేసిస్ తమ్ముడు ఫోన్ చేసి, "అన్నా, నా వైపు అన్నీ గ్రీనే, నీ కోడే ఏదో చూసుకో" అన్నాడు. అతని తప్పు లేదు. లారీ తప్పూ లేదు. వెనక మూట ముందు దించి, ముందు మూట దాని మీద పడేసింది మేమే.

నిండు లారీ ఎందుకు మంచిదో నాకు అర్థం కావడానికి ఇంకో రెండేళ్ళు పట్టింది. అది వరస ఒక్కటే కాపాడుతుందనుకునేవాణ్ణి. కాదు. కలిపి పంపినప్పుడు టీపీ ఒక్కో రిక్వెస్ట్‌ను మొదలునుంచి చివరిదాకా తీసుకోదు, ఒక్కో మెట్టు తీసుకుంటుంది. ముందు అన్ని రిక్వెస్ట్‌లలోని టేబుళ్ళు, వాటి కాలమ్‌ల రకం చెప్పే డేటా ఎలిమెంట్ల నిర్వచనాలు దించుతుంది, అన్నిటినీ కలిపి యాక్టివేట్ చేస్తుంది, ఆ తర్వాతే ప్రోగ్రామ్‌ల దగ్గరికి వస్తుంది. అందుకని ఒకరి టేబుల్‌కి కావలసిన డేటా ఎలిమెంట్ ఇంకొకరి రిక్వెస్ట్‌లో ఉన్నా ఇబ్బంది రాదు. అవే రెండూ విడివిడిగా, తప్పు వరసలో పంపితే యాక్టివేషన్‌లో రిటర్న్ కోడ్ 8. మా టీమ్‌లో 8 వచ్చిన ప్రతిసారీ కోడ్ వెతికేవాళ్ళం. చాలాసార్లు కోడ్‌లో ఏమీ ఉండేది కాదు, అవతలివాడు తన రిక్వెస్ట్ ఇంకా రిలీజ్ చెయ్యలేదు, అంతే.

రిటర్న్ కోడ్‌ల సంగతి వచ్చింది కాబట్టి: 0 అంటే బాగుంది, 4 అంటే హెచ్చరిక, 8 అంటే తప్పు, 12 అంటే మధ్యలో ఆగిపోయింది. 8 వస్తే అందరూ లేచి నిలబడతారు. ప్రమాదం 4తో. కొత్త టేబుల్‌కి ఎన్‌హాన్స్‌మెంట్ కేటగిరీ (తర్వాత కాలమ్‌లు ఎలా కలపొచ్చో చెప్పే సెట్టింగ్) పెట్టకపోతే 4 వస్తుంది, దానివల్ల ఏ నష్టమూ లేదు. అలాంటివి రోజుకి పది చూసి చూసి, పసుపు రంగు కనబడితే లాగ్ తెరవకుండా క్లోజ్ చెయ్యడం అలవాటైపోతుంది. ఏదో ఒక రోజు ఆ పసుపులో నిజమైనది ఉంటుంది.

ఇక 0 ఎంతగా నమ్మించి మోసం చెయ్యగలదో 2017లో చూశాను. ఆ జులై 1న జీఎస్టీ. నేను హైదరాబాద్‌లో ఒక మందుల కంపెనీ ప్రాజెక్టులో ఉన్నాను. జూన్ అంతా పన్ను కోడ్‌లు, పన్ను లెక్కకట్టే కొత్త కండిషన్ టైపులు: జేఓసీజీ, జేఓఎస్‌జీ, జేఓఐజీ. సెట్టింగులన్నీ రిక్వెస్ట్‌లలో ఎక్కాయి, క్వాలిటీకి వెళ్ళాయి, అన్నీ 0. టెస్టింగ్ మొదలుపెట్టిన ఫైనాన్స్ మేడమ్ పన్ను కోడ్‌లే కనిపించడం లేదంది. "మేడమ్, అన్నీ గ్రీన్‌గా ఉన్నాయి, ఒకసారి లాగౌట్ అయి చూడండి" అని చెప్పాను. ఇప్పటికీ సిగ్గేస్తుంది. పన్ను కోడ్‌లు తయారుచేసే ఎఫ్‌టీఎక్స్‌పీ అనే స్క్రీన్‌లో ట్రాన్స్‌పోర్ట్ అని వేరే మెనూ ఉంది. డెవ్‌లో అక్కడినుంచి ఎక్స్‌పోర్ట్ చేస్తే రిక్వెస్ట్‌లో ఎక్కుతాయి. రిక్వెస్ట్ అవతలికి చేరాక అక్కడి క్లయింట్‌లో కూడా అదే మెనూలోకి వెళ్ళి ఇంపోర్ట్ చెయ్యాలి. అది బ్యాచ్ ఇన్‌పుట్ సెషన్ (ఎంట్రీలను వాటంతటవే ఎక్కించే జాబితా) ఒకటి తయారుచేస్తుంది, దాన్ని ఎస్‌ఎం35 అనే స్క్రీన్‌లో నడిపితేగానీ కోడ్‌లు పుట్టవు. లారీ గుమ్మం దాకా తెచ్చి దించింది, మేం లోపలికి తీసుకెళ్ళలేదు.

ఇక పన్ను శాతాలున్న కండిషన్ రికార్డులు సెట్టింగులే కావు, మాస్టర్ డేటా. వాటిని రిక్వెస్ట్ అసలు పట్టించుకోదు, ప్రతి సిస్టమ్‌లోనూ విడిగా ఎక్కించుకోవాలి. అప్పటినుంచి రిక్వెస్ట్‌ల లిస్టు పక్కనే ఇంకో లిస్టు పెడుతున్నాను, "చేత్తో చెయ్యాల్సినవి" అని. డాక్యుమెంట్లకి నంబర్లిచ్చే నంబర్ రేంజ్‌లు ఆ లిస్టులో మొదటివి. డెవ్‌లోని ప్రస్తుత నంబరును పొరపాటున ప్రొడక్షన్‌కి పంపితే, వాడేసిన డాక్యుమెంట్ నంబర్లే మళ్ళీ రావడం మొదలవుతుంది.

క్వాలిటీ రిఫ్రెష్ గురించి చెప్పకపోతే ఈ సమీక్షకి అర్థం లేదు. టెస్టింగ్‌కి నిజమైన డేటా కావాలని ఏడాదికోసారి ప్రొడక్షన్ కాపీ తెచ్చి క్వాలిటీ మీద పరుస్తారు. ఆ రోజుకి ప్రొడక్షన్‌కి ఇంకా వెళ్ళని మార్పులన్నీ క్వాలిటీలోంచి మాయమవుతాయి. వాటన్నిటినీ మొదట వెళ్ళిన వరసలోనే మళ్ళీ పంపాలి. నేను చూసిన పెద్దది నూట నలభైకి పైగా రిక్వెస్ట్‌లు. రిఫ్రెష్‌కి ముందు క్యూ చరిత్రను ఎక్సెల్‌లోకి దించుకున్నవాడు ఆ శనివారం సాయంత్రానికి ఇంటికెళ్తాడు. దించుకోనివాడు ఆదివారం కూడా ఆఫీసులోనే. అప్పుడు తరచూ ఇంకో వింత కనిపిస్తుంది: లారీ నొక్కితే గంటసేపు తిరుగుతూనే ఉంటుంది, లాగ్‌లో చడీచప్పుడూ ఉండదు. కారణం ఎక్కువసార్లు ఒకటే. ఆర్‌డీడీఐఎంపీడీపీ అనే బ్యాక్‌గ్రౌండ్ జాబ్ షెడ్యూల్‌లో ఉండదు, లేదా దాన్ని నడిపే డీడీఐసీ యూజర్ లాక్ అయి ఉంటాడు. ఈ ఒక్క ముక్క తెలియక నా మొదటి రిఫ్రెష్‌లో రాత్రి రెండింటిదాకా సర్వర్‌ని తిట్టుకున్నాను.

నాకు బాగా నచ్చిన సదుపాయం మాత్రం చాలా ఆలస్యంగా దొరికింది: ట్రాన్స్‌పోర్ట్ ఆఫ్ కాపీస్. పాత పద్ధతిలో టెస్టర్ ఒక తప్పు పట్టుకుంటే ఒక కొత్త రిక్వెస్ట్. ఒక రిపోర్టుకి మాది పంతొమ్మిది దాకా వెళ్ళింది, ఆ పంతొమ్మిదీ అదే వరసలో ప్రొడక్షన్‌కి పోవాలి. ఇప్పుడు అసలు రిక్వెస్ట్‌ను రిలీజ్ చెయ్యకుండా డెవ్‌లోనే ఉంచుతాం. అందులోని వస్తువుల్ని కాపీ రిక్వెస్ట్‌లో పెట్టి క్వాలిటీకి మాత్రం పంపుతాం. ఆ కాపీలు ప్రొడక్షన్ క్యూలోకి వెళ్ళవు. టెస్టింగ్ పూర్తయ్యాక అసలుది ఒక్కటే రిలీజ్ అవుతుంది. పైగా అసలుది తెరిచి ఉన్నంతకాలం ఆ ప్రోగ్రామ్ మీద లాక్ ఉంటుంది, 2014లో నేను చేసిన నిర్వాకం ఇంకొకడు చెయ్యడం అంత సులువు కాదు. లోటు కూడా ఉంది: టెస్టర్ ఓకే చెప్పింది కాపీకి, ప్రొడక్షన్‌కి వెళ్ళేది అసలుది. ఆఖరి కాపీ తర్వాత ఎవరైనా అసలు రిక్వెస్ట్‌లో చెయ్యి పెడితే అది టెస్ట్ కాకుండానే వెళ్ళిపోతుంది. అందుకే అసలుది రిలీజ్ చేశాక క్వాలిటీలోకి మళ్ళీ ఒకసారి దించి చూడండి. బద్ధకించకండి.

డెవ్‌లోనే ఒక క్లయింట్‌లో సెట్టింగ్ చేసి, ఇంకో క్లయింట్‌లో పరీక్షించుకోవాలంటే ఎస్‌సీసీ1 అనే స్క్రీన్ ఉంది. రిలీజ్ చెయ్యకుండానే అక్కడికి కాపీ అవుతుంది. సెట్టింగులు చూసే ఫంక్షనల్ వాళ్ళలో సగం మంది దీన్ని వాడరు, ఎందుకో నాకు తెలియదు. వాడితే క్వాలిటీలో బయటపడే చిన్న తప్పుల్లో చాలావరకు డెవ్‌లోనే దొరుకుతాయి.

పెద్ద ఫిర్యాదు ఒకటి మిగిలింది: వెనక్కి గేరు లేదు. రిలీజ్ చేసిన రిక్వెస్ట్‌ను మళ్ళీ తెరవలేం, దించిన దాన్ని అదే లారీలో వెనక్కి ఎక్కించలేం. పాత స్థితి కావాలంటే డెవ్‌లో వెర్షన్ మేనేజ్‌మెంట్‌లోంచి పాత ప్రోగ్రామ్ తీసి, కొత్త రిక్వెస్ట్‌లో పెట్టి, మళ్ళీ అదే దారిలో పంపాలి. సెట్టింగులైతే పాత విలువలు చూసుకుని చేత్తో మార్చాలి. కోడ్ పాత వెర్షన్లకి సులువుగా వెనక్కి వెళ్ళనిచ్చే గిట్ వాడే పిల్లలు ఇది విని నోరెళ్ళబెడతారు. గిట్‌తో కలిపిన ట్రాన్స్‌పోర్ట్ పద్ధతి జీసీటీఎస్, శాప్ కొత్త తరం ఎస్/4 హానా 1909 వెర్షన్ నుంచి ఉంది, శాండ్‌బాక్స్‌లో కొన్నాళ్ళు ఆడుకున్నాను. కోడ్ రాసేవాళ్ళకి హాయిగా ఉంది. రోజంతా సెట్టింగులు మార్చే ఫంక్షనల్ వాళ్ళకి బ్రాంచ్ అంటే ఏమిటో రెండుసార్లు చెప్పి ఊరుకున్నాను. నా ప్రాజెక్టు ఇంకా పాత లారీ మీదే ఉంది.

మార్కులు వెయ్యమంటే 5కి 3.5. సరుకు చేరవెయ్యడానికి పూర్తి మార్కులు, వెనక్కి తిరగలేనందుకు ఒకటి కోత, 0 చూపించి నిద్రపుచ్చినందుకు అర.

ఇవాళ బుధవారం, సాయంత్రం ఆరింటికి క్వాలిటీ ఇంపోర్ట్. క్యూలో పదకొండు ఉన్నాయి. మూడు నెలల కిందట చేరిన అమ్మాయి పొద్దున్నే మెసేజ్ పెట్టింది: "సర్, ఏడోదాంట్లో ఉన్న డేటా ఎలిమెంట్ నాలుగోదానికి కావాలి, రెండూ కలిపి పంపమని బేసిస్ వాళ్ళకి చెప్పాను."