మయో-ఇనోసిటాల్ రెండున్నరేళ్లు వాడాను: పీరియడ్స్ దారిలో పడ్డాయి, గడ్డం కింద వెంట్రుకలు కదల్లేదు

మాది గుంటూరు, ఉద్యోగం హైదరాబాద్‌లో. పీసీఓఎస్ (హార్మోన్లు తేడాచేసి పీరియడ్స్ గతి తప్పే సమస్య) అని తేలేసరికి నాకు 26 ఏళ్లు. అప్పటికి పీరియడ్స్ ఒకసారి 52 రోజులకి, ఇంకోసారి 70కి, ఒకసారైతే మూడు నెలలు దాటినా జాడ లేదు. అమ్మ ఫోన్ చేసి "ఈ నెలన్నా వచ్చిందా?" అనడం, నేను విసుక్కోవడం, ఇదే తంతు. మెడ వెనక నలుపు, గడ్డం కింద బిరుసు వెంట్రుకలు సరేసరి. గైనకాలజిస్ట్ మెట్‌ఫార్మిన్ (షుగర్‌కి ఇచ్చే మందే) రాశారు కానీ అది నా కడుపుకి పడలేదు, ఆఫీసు క్యాబ్ ఎక్కాలంటేనే భయం వేసేది. ఇక ఆవిడే ఇనోసిటాల్ వాడి చూద్దాం అన్నారు, అది ఇన్సులిన్ పనికి సాయపడుతుందని ఇచ్చే చక్కెరలాంటి పదార్థం.

ముందు నా తెలివితక్కువ పని చెప్తా. డాక్టర్ సాచెట్లు రాస్తే, ఆఫర్‌లో ఉందని ఆన్‌లైన్‌లో టాబ్లెట్ల డబ్బా కొన్నాను. పైన పెద్దక్షరాలతో 40:1 అని (మయో-ఇనోసిటాల్ 40 పాళ్లకి దాని ఇంకో రూపం డి-కైరో ఒక పాలు) ఉంది, ఇంకేం కావాలి అనుకుని రోజుకి రెండు చొప్పున నాలుగు నెలలు మింగాను. ఏమీ జరగలేదు. ఆవిడ డబ్బా తిప్పి వెనక చిన్నక్షరాలు చూపించారు: ఒక్కో టాబ్లెట్‌లో మయో-ఇనోసిటాల్ 550 మిల్లీగ్రాములు, డి-కైరో 13.8. నిష్పత్తి కుదిరింది, మోతాదే లేదు. పరిశోధనల్లో ఎక్కువగా ఇచ్చింది మయో రోజుకి 4 గ్రాములు, ఆ లెక్కన నేను రోజుకి ఏడు మింగాలి! చారులో పులుపూ ఉప్పూ సరిపోయినా గరిటెడే కాస్తే ఇంటిల్లిపాదికీ ఏం వస్తుంది?

అప్పుడు మారాను సాచెట్లకి. ఒక్కో దాంట్లో మయో 2 గ్రాములు, డి-కైరో 50 మిల్లీగ్రాములు, పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. నిమ్మకాయ ఫ్లేవర్‌ది తాగాక నాలుక మీద ఒక వెగటు తీపి అరగంట ఉండిపోతుంది. ఫ్లేవర్ లేనిది నయం, చప్పటి తీపితో నీళ్లలో ఇట్టే కరిగిపోతుంది, బాటిల్లో వేసుకుంటే పక్క సీటువాళ్లకి కూడా తెలీదు. నెలకి రెండు వేలకి అటూఇటూ అవుతుంది, అది మాత్రం తెలుస్తుంది.

మొదటి రెండు నెలలు తేడా లేదు. నాలుగో నెల దాటాక 44 రోజులు, తర్వాత 39, తర్వాత 36. ఇప్పుడు 33 నుంచి 38 మధ్య తిరుగుతోంది. నాకు ఇదే పెద్ద విషయం, ప్రయాణం టికెట్ బుక్ చేసుకునేటప్పుడు ధైర్యంగా తేదీ చెప్పగలుగుతున్నా. తమ్ముడి పెళ్లి హడావుడిలో రెండు నెలలు మానేస్తే మళ్లీ 47కి వెళ్లింది. అది మానేసినందుకో, పెళ్లి టెన్షన్‌కో, ఆ రెండు నెలల స్వీట్లకో నేను తేల్చలేను.

మిగతావాటికి మార్కులు వేయను. బరువు 74 నుంచి 71కి వచ్చింది, కానీ అదే సమయంలో రాత్రి అన్నం తగ్గించి, అపార్ట్‌మెంట్ చుట్టూ నలభై నిమిషాలు నడవడం మొదలుపెట్టా, కాబట్టి ఆ మూడు కిలోలు పొడి ఖాతాలో వేయలేను. వెంట్రుకలకైతే సున్నా. డాక్టర్ ముందే అన్నారు, 2023 అంతర్జాతీయ మార్గదర్శకాల్లో కూడా దీనికి ఆధారాలు పరిమితమని, హాని తక్కువ కాబట్టి ఇష్టమైతే వాడొచ్చని మాత్రమే ఉందని. ఇన్‌స్టా రీల్స్‌లో చెప్పే మూడు నెలల అద్భుతాలకి ఈ మాటకి పొంతన లేదు. డబ్బా మీద కూడా "వైద్య అవసరాలకు కాదు" అని ఇంగ్లిష్‌లో ఉంటుంది చూడండి, ఆహార నియంత్రణ సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లెక్కలో ఇది ఆహారం, మందు కాదు.

విటమిన్ డి వేరే కథ. రక్తపరీక్షలో నాది 14 వచ్చింది, అంటే తక్కువ, 60,000 యూనిట్ల సాచెట్ వారానికి ఒకటి, ఎనిమిది వారాలు, పాలలో కలుపుకుని తాగాను, మళ్లీ టెస్ట్ చేయించాక ఆపించేశారు. మా ఆఫీసులో ఒకమ్మాయి దాన్ని రోజూ వేసుకోవాలనుకుని నాలుగు రోజులు వేసేసుకుంది. అది ఒంట్లో పేరుకుపోతుంది తల్లీ, ఎక్కువైతే రక్తంలో కాల్షియం పెరుగుతుంది. జుట్టుకని బయోటిన్ అనే విటమిన్ కూడా మింగాను, జుట్టు సంగతేమో గానీ థైరాయిడ్ రిపోర్ట్ తారుమారైంది. కొన్ని రోజులు ఆపి మళ్లీ చేయిస్తే మామూలుగా వచ్చింది. రక్తపరీక్షకి వెళ్లేముందు ఏమేం మింగుతున్నారో చెప్పండి.

పెళ్లయి, పిల్లలు ఇప్పుడే వద్దనుకునేవాళ్లు జాగ్రత్త, పీరియడ్స్ సర్దుకుంటున్నాయంటే అండం విడుదలవుతూ ఉండొచ్చు, "నాకు పీసీఓఎస్ కదా, రాదులే" అనే ధీమా పనికిరాదు. మూడు నెలలైనా రాకపోతే ఇంకో డబ్బా కొనకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లండి, గర్భసంచి లోపలి పొర మందంగా పేరుకోవడం మంచిది కాదు.

పోయిన నెల అమ్మ ఫోన్ చేసి గంటసేపు మాట్లాడి, ఆ ప్రశ్న అడగకుండానే పెట్టేసింది. థ్రెడింగ్‌కి మాత్రం శనివారం వెళ్లాలి.